ఇంటి పన్నుతో కట్టిన ఎనిమిది పైసలు ఎక్కడ ఆగాయి?

ఊళ్లో గ్రంథాలయం ఒక్కరోజులో మూతపడదు. ముందు పత్రికల బాకీ పెరిగి ఏజెంటు రెండు పేపర్లు ఆపేస్తాడు. తర్వాత వార, మాసపత్రికలు పోతాయి. పోటీ పరీక్షల పుస్తకాలు పాత సిలబస్ దగ్గరే నిలిచిపోతాయి. గ్రంథపాలకుడు రిటైరైతే ఆ కుర్చీలోకి కొత్తగా ఎవరూ రారు. పక్క మండలం ఆయనకే ఇన్‌చార్జి బాధ్యత కట్టబెడతారు, ఆయన వారానికి మూడు రోజులు వస్తే గొప్ప. ఊడ్చి తాళం వేసే పార్ట్‌టైం మనిషికి నెలల తరబడి డబ్బు అందదు. అద్దె భవనమైతే ఖాళీ చేయమని యజమాని కబురు పెడతాడు. ఇంతవరకూ వచ్చాక గానీ ఊళ్లో కదలిక పుట్టదు.

ఆ కదలిక సాధారణంగా రెండు దారుల్లో పోతుంది. నలుగురు పెద్దలు కలిసి చందాలు పోగుచేసి కుర్చీలు, ఫ్యాన్లు కొనిస్తారు. లేదా కుర్రవాళ్లు గేటు ముందు కూర్చుని ‘ప్రభుత్వం వెంటనే నిధులు విడుదల చేయాలి’ అని నినాదాలిస్తారు. రెండింటిలోనూ తప్పు లేదు, కానీ రెండూ అసలు ముడిని తాకవు. తెలుగు రాష్ట్రాల్లో గ్రంథాలయానికి కావలసిన డబ్బులో ముఖ్యభాగం ప్రజలు ఎప్పుడో కట్టేశారు. అది దారిలో ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో కాగితం మీద చూపించగలిగితే వినతిపత్రం కాస్తా వసూలు నోటీసు అవుతుంది.

మున్సిపాలిటీ ఇచ్చే ఆస్తి పన్ను డిమాండు నోటీసు తీసి చూడండి. ఏడాదికి రెండు వాయిదాలు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. పన్ను గడి పక్కనే గ్రంథాలయ సెస్సు అని ఇంకో గడి ఉంటుంది. పన్ను 2,000 రూపాయలైతే ఆ గడిలో 160 ఉండాలి. రూపాయికి 8 పైసలు. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం 1960 ప్రకారం ఆస్తి పన్ను లేదా ఇంటి పన్నుపై సర్‌చార్జీగా ఈ సెస్సు వేస్తారు, రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణలోనూ అదే చట్టం కొనసాగుతోంది. వసూలు చేసేది పంచాయతీ, మున్సిపాలిటీ, కార్పొరేషన్. చెందేది మాత్రం జిల్లాలో ప్రభుత్వ గ్రంథాలయాలను నడిపే జిల్లా గ్రంథాలయ సంస్థకు, హైదరాబాద్‌లో నగర గ్రంథాలయ సంస్థకు. అంటే ఈ డబ్బు విషయంలో స్థానిక సంస్థ వసూలుదారు మాత్రమే, యజమాని కాదు. పొరుగున తమిళనాడులో ఇదే సెస్సు రూపాయికి 10 పైసలు, కర్ణాటకలో 6 పైసలు. రేటు విషయంలో మనం మరీ వెనకబడి లేము. జమ విషయంలోనే వచ్చింది తంటా.

ఈ ఏర్పాటు ఊరికే రాలేదు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధులను సమావేశపరచి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి ప్రాణం పోసిన అయ్యంకి వెంకటరమణయ్య తరం దాతలను, జమీందార్లను, ఊరి రైతులను అడిగి అడిగి పఠనాలయాలు నడిపింది. పాతూరి నాగభూషణం వంటివారు కృష్ణా కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పారు. హైదరాబాద్‌లో 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం కూడా అలా ప్రజల చేతుల్లో పెరిగినవే. దాత ఉన్నన్నాళ్లే దీపం ఉంటుందని ఆ తరానికి అనుభవంలో తెలిసింది. అందుకే 1948లో మద్రాసు చట్టం, 1955లో హైదరాబాద్ చట్టం, ఆ రెండింటినీ కలిపి 1960 చట్టం వచ్చాయి. గ్రంథాలయం ఎవరి దయ మీదా బతకకుండా పన్ను మీద బతకాలన్నది వాటి సారాంశం. ఇప్పుడు మళ్లీ చందాల దగ్గరికి పోవడమంటే, ఆ చట్టాన్ని మనమే పక్కన పెట్టినట్టు.

పని మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. మీ గ్రంథాలయం ఏ కోవకు చెందింది? జిల్లా గ్రంథాలయ సంస్థ నడిపే శాఖా గ్రంథాలయమా, గ్రామీణ గ్రంథాలయమా, పుస్తక నిక్షిప్త కేంద్రమా (పెద్ద గ్రంథాలయం నుంచి కొన్ని పుస్తకాలు తెచ్చి ఉంచే చోటు), లేక ట్రస్టు లేదా సంఘం నడిపే ప్రైవేటు గ్రంథాలయమా? బోర్డు మీద ‘జిల్లా గ్రంథాలయ సంస్థ’ అని ఉంటే సెస్సు లెక్క సూటిగా వర్తిస్తుంది. సంఘం నడిపేదైతే సెస్సులో దానికి నేరుగా వాటా రాదు, గ్రాంటు కోసం వేరే దారిలో పోవాలి. ఈ తేడా తెలియక కలెక్టరుకు అర్జీ పెడితే ‘మా పరిధి కాదు’ అనే ఒక్క వాక్యంతో ఫైలు మూసేస్తారు.

ఇంకో తేడా కూడా. శాశ్వత సిబ్బంది జీతాలకు ఎక్కువగా రాష్ట్ర ప్రభుత్వ గ్రాంటే ఆధారం. పత్రికలు, పుస్తకాలు, అద్దె, కరెంటు, పార్ట్‌టైం మనుషుల ఖర్చు సెస్సు మీద నడుస్తుంది. పోస్టులు నింపమనే డిమాండును, పుస్తకాలు కొనమనే డిమాండును ఒకే కాగితంలో కలిపితే రెండూ హైదరాబాద్‌కో అమరావతికో వెళ్లి ఆగుతాయి. పోస్టుల సంగతి రాష్ట్ర స్థాయిలో తేలాలి. సెస్సు సంగతి మీ మున్సిపల్ కమిషనర్ సంతకంతో తేలుతుంది. చేతికి అందేదాన్ని ముందు పట్టుకోవాలి.

మరి స్థానిక సంస్థలు సెస్సును ఎందుకు ఆపుకుంటాయి? దురుద్దేశం కన్నా నగదు కటకటే దీనికి పెద్ద కారణం. పన్ను డబ్బంతా ఒకే ఖాతాలో పడుతుంది. పారిశుధ్య కార్మికుల జీతాలు, కరెంటు బిల్లు, ట్రాక్టర్ల డీజిల్ ఆ ఖాతా మీదికే వస్తాయి. వాటికి తడవ తడవకూ అడిగేవాళ్లున్నారు. కార్మికులకు జీతం ఆగితే మర్నాడు ఊరంతా చెత్త. గ్రంథాలయ సంస్థకు జమ ఆగితే ఎవరూ తలుపు తట్టరు. సెస్సు కోసం విడిగా ఖాతా లేనిచోట అది సాధారణ నిధిలో కలిసిపోయి ఏడాది చివరికి పుస్తకాల్లో ‘చెల్లించవలసినవి’ అనే వరుసలో ఒక అంకెగా మిగులుతుంది. మరుసటి ఏడాది ఆ అంకె పెరుగుతుంది. గ్రామ పంచాయతీల్లో మొత్తాలు చిన్నవి, కార్పొరేషన్లలో కోట్లు. హైదరాబాద్ మహానగర పాలక సంస్థ నుంచి నగర గ్రంథాలయ సంస్థకు రావలసిన సెస్సు బకాయిలు ఎన్నో ఏళ్లుగా వార్తల్లో నలుగుతున్నవే.

ఇక్కడొక విడ్డూరం ఉంది. గృహస్థు పన్ను ఆలస్యం చేస్తే మున్సిపాలిటీ నెలకు 2 శాతం చొప్పున వడ్డీ వేస్తుంది. అదే గృహస్థు కట్టిన సెస్సును మున్సిపాలిటీ ఏళ్లకేళ్లు అట్టిపెట్టుకుంటే గ్రంథాలయానికి పైసా వడ్డీ చేరదు. ఈ ఒక్క మాట కరపత్రంలో పెద్ద అక్షరాలతో వేస్తే చాలు, మిగతా నాలుగు పేరాలు చదవనివాళ్లకూ విషయం ఎక్కుతుంది.

అంకెలు రాబట్టడం

ఉద్యమానికి పునాది మూడు అంకెలు: సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు, గ్రంథాలయ సంస్థకు ఎంత ముట్టింది. మొదటి రెండూ మున్సిపాలిటీ లేదా పంచాయతీ దగ్గర, మూడోది జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి దగ్గర ఉంటాయి. సమాచార హక్కు చట్టం కింద ఇద్దరికీ వేర్వేరు దరఖాస్తులు పెట్టాలి. ఒక్కరినే అడిగితే పోల్చి చూడటానికి రెండో కాగితం ఉండదు.

దరఖాస్తు ఫీజు గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్లకార్డు ఉన్నవారు నకలు జతచేస్తే అదీ అక్కర్లేదు. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే మరో 30 రోజుల్లోపు అదే కార్యాలయంలో పై అధికారికి మొదటి అప్పీలు, దానికీ ఫలితం లేకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

చాలా దరఖాస్తులు అడిగిన తీరులోనే దెబ్బతింటాయి. ‘గ్రంథాలయ సెస్సు ఎందుకు చెల్లించడం లేదు?’ అని రాస్తే ‘ఇది సమాచారం నిర్వచనంలోకి రాదు’ అని తిప్పికొడతారు. ఎందుకు అనే ప్రశ్నకు ఈ చట్టంలో చోటు లేదు, రికార్డుకే ఉంది. పదిహేనేళ్ల లెక్క ఒకేసారి అడిగితే ‘సమాచారం విస్తారంగా ఉంది’ అని జాప్యం చేస్తారు. మూడు ఆర్థిక సంవత్సరాలు చాలు. మాటలు ఇలా ఉంటే తప్పించుకునే సందు ఉండదు: ‘2022-23, 2023-24, 2024-25 ఆర్థిక సంవత్సరాలకు, ఒక్కో ఏడాదికి విడివిడిగా, ఆస్తి పన్ను డిమాండు, వసూలు, బకాయి రిజిస్టరు సంక్షిప్త నకలు, అందులో గ్రంథాలయ సెస్సు డిమాండు, వసూలు, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేసిన ప్రతి మొత్తం, తేదీ, చెక్కు లేదా లావాదేవీ నంబరు.’ ఈ రిజిస్టరునే ఆఫీసుల్లో డీసీబీ (డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్) అంటారు. కౌంటరు దగ్గర ఆ మూడక్షరాలు పలికితే గుమస్తాకు వెంటనే అర్థమవుతుంది.

నకళ్లకు పేజీకి 2 రూపాయలు అడుగుతారు. రిజిస్టర్లు ఎక్కువైతే స్వయంగా వెళ్లి చూస్తామని రాయవచ్చు, మొదటి గంట తనిఖీకి రుసుము లేదు. ఇద్దరు వెళ్లడం మంచిది, ఒకరు చదవడానికి, ఒకరు రాసుకోవడానికి.

వచ్చిన అంకెలతో లెక్క కట్టేటప్పుడు ఎక్కువమంది ఒకేచోట బోల్తాపడతారు. ఒక మున్సిపాలిటీ 2 కోట్ల 40 లక్షలు వసూలు చేసిందని జవాబు వచ్చిందనుకుందాం. ఎనిమిది శాతం అంటే 19 లక్షల 20 వేలు అని చటుక్కున రాసేస్తారు. ఆ 2 కోట్ల 40 లక్షల్లో సెస్సు కలిసే ఉంటే లెక్క అది కాదు. పన్ను 100 అయితే సెస్సుతో కలిపి 108, కాబట్టి మొత్తాన్ని 108తో భాగించి 8తో గుణించాలి. అప్పుడు సెస్సు 17 లక్షల 78 వేలు. తేడా లక్షా 42 వేలు. కౌన్సిల్ సమావేశంలో అకౌంటు అధికారి లేచి ఈ ఒక్క తప్పు చూపిస్తే, మిగతా వాదనంతా సరైనదే అయినా నవ్వులపాలవుతుంది. అందుకే ‘వసూలు మొత్తంలో సెస్సు కలిసి ఉందా, విడిగా ఉందా’ అన్న ప్రశ్న దరఖాస్తులోనే పెట్టాలి.

ఇంకో రెండు జాగ్రత్తలు. నీటి చార్జీలు కూడా అదే పట్టికలో కనిపిస్తాయి, వాటిని ఆస్తి పన్నుతో కలిపేయకూడదు. కట్టమని అడిగిన మొత్తం, అంటే డిమాండు మీద కాకుండా వసూలు మీదే పట్టు పట్టాలి. డిమాండులో ప్రభుత్వ కార్యాలయాలు కట్టని పన్ను, కోర్టు కేసుల్లో ఉన్న భవనాల పన్ను కూడా ఉంటుంది. రాని డబ్బును పంపమనడం ఎలా అని వాళ్లు అడిగితే మన దగ్గర జవాబు ఉండదు. చేతికి వచ్చిన డబ్బు ఏమైందన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు ఉండదు. పాత బకాయిలు ఈ ఏడాది వసూలైతే వాటిలోనూ సెస్సు ఉంటుందని మాత్రం మరవకూడదు.

పై ఉదాహరణలో 6 లక్షలు జమ చేశారనుకుంటే 11 లక్షల 78 వేలు ఆగినట్టు. ఈ అంకెను అలాగే వదిలేస్తే ఎవరికీ పట్టదు. దాన్ని గ్రంథాలయం భాషలోకి దించాలి. రోజుకు 8 రూపాయల చొప్పున ఎనిమిది దినపత్రికలకు ఏడాదికి 23 వేల చిల్లర. సగటున 400 రూపాయల పోటీ పరీక్షల పుస్తకాలు నలభైకి 16 వేలు. నెట్ కనెక్షన్‌కు నెలకు 700 చొప్పున 8,400. మాసపత్రికలకు 10 వేలు, కరెంటుకు నెలకు రెండు వేలు వేసుకున్నా అద్దె, జీతాలు కాక ఒక శాఖా గ్రంథాలయానికి లక్ష దాటదు. అంటే ఆగిన సొమ్ముతో అలాంటివి పదకొండింటికి ఏడాది పాటు లోటు లేకుండా గడిచిపోతుంది. ధరలు మీ ఊరివి వేసుకోండి, ఏజెంటు బిల్లు నకలు ఉంటే ఇంకా గట్టిది.

డబ్బు చేరేది మీ ఊరికి కాదు

ఇక్కడే ఉద్యమాలు గెలిచి కూడా ఓడిపోతుంటాయి. మున్సిపాలిటీ దిగివచ్చి అయిదు లక్షలు జమ చేస్తుంది, పేపర్లో ఫొటో పడుతుంది, ఆర్నెల్ల తర్వాత చూస్తే మీ గ్రంథాలయంలో అవే పాత పుస్తకాలు. సెస్సు జిల్లా గ్రంథాలయ సంస్థ నిధిలో పడుతుంది. ఏ శాఖకు ఎంత అన్నది సంస్థ బడ్జెట్‌లో తేలుతుంది. సెస్సు ఎక్కువ వచ్చే పట్టణం నుంచి తక్కువ వచ్చే పల్లెకు డబ్బు పారడం ఈ ఏర్పాటులోని న్యాయమే, దాన్ని తప్పుపట్టనక్కర్లేదు. కానీ మీ గ్రంథాలయం పేరు సంస్థ కొనుగోళ్ల జాబితాలో ఉండాలంటే రెండో విన్నపం సంస్థకు వెళ్లాలి: ఫలానా పత్రికలు, ఫలానా పుస్తకాలు, ఇన్ని కుర్చీలు, అంచనా వ్యయం ఇంత. మున్సిపాలిటీకి పెట్టే అర్జీ, సంస్థకు పెట్టే అర్జీ ఒకేరోజు పెట్టి ఒకదాని నకలు రెండోదానికి జతచేస్తే సంస్థ కార్యదర్శి మీకు సహజంగానే తోడు నిలుస్తారు. ఆయనకూ ఆ డబ్బు కావాలి. మున్సిపాలిటీకి ఆయన రాసిన గుర్తుచేసే లేఖలు ఫైల్లో చాలానే ఉంటాయి. బయటినుంచి ఒత్తిడి లేకే అవి కదలలేదు.

సంస్థ చైర్మన్ పదవి ప్రభుత్వం నియమించేది, అంటే రాజకీయ పదవి. చైర్మన్ ఉన్న కాలంలో ఆయన పలుకుబడి మున్సిపల్ చైర్మన్ దగ్గర పనిచేస్తుంది. నియామకం జరగక అధికారి ఇన్‌చార్జిగా ఉన్న కాలంలో కాగితం బలమే బలం. రెండు సందర్భాల్లోనూ ఉద్యమం ఒక పార్టీ జెండా కిందికి పోతే మాత్రం గ్రంథాలయం సంగతి మరుగునపడి ఎవరు ఎవరిని నిలదీశారన్నదే వార్తవుతుంది. అన్ని పార్టీల కౌన్సిలర్లకూ ఒకే కాగితం, ఒకేరోజు ఇవ్వడం మేలు.

ఎవరిని కూడగట్టాలి అంటే మొదట గుర్తొచ్చేది పోటీ పరీక్షల అభ్యర్థులు. హైదరాబాద్ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం నుంచి మండల కేంద్రంలోని చిన్న గది దాకా ఇవాళ బల్లలు నింపుతున్నది గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు చదివేవాళ్లే. రోజంతా అక్కడే ఉంటారు, లోటు ఏదో వాళ్లకు కచ్చితంగా తెలుసు. కానీ నోటిఫికేషన్ పడితే మాయమవుతారు, ఉద్యోగం వస్తే ఊరే విడుస్తారు. వాళ్ల మీదే ఉద్యమం నిలబడితే ఏడాదిలో చప్పబడుతుంది. ఏళ్ల తరబడి ఫైలు వెంట తిరిగే ఓపిక పెన్షనర్లది. రిటైరైన టీచర్లు, రెవెన్యూ ఉద్యోగులు, బ్యాంకువాళ్లు ఒక నలుగురు ఉంటే దరఖాస్తు భాష, లెక్కలు, ఆఫీసుల్లో ఎవరి బల్ల దగ్గర ఆగాలన్న తెలివి వాటంతట అవే వస్తాయి. కుర్రవాళ్ల సంఖ్య, పెద్దవాళ్ల ఓపిక కలిసిన కమిటీలే నిలుస్తాయి. మూడోవారు, చాలా కమిటీలు మరచిపోయేవారు, ఇంటి పన్ను రసీదు ఎవరి బీరువాలో ఉంటుందో ఆ ఇల్లాళ్లు. మహిళా సంఘాల నెలవారీ సమావేశంలో ఒక పావుగంట అడిగి, ఆ రసీదు మీద సెస్సు గడి చూపిస్తే అక్కడ పుట్టే ప్రశ్నలు కరపత్రాలతో పుట్టవు.

సంతకాల సేకరణ అందరూ చేస్తారు. పేరు, సంతకం, ఫోన్ నంబరు ఉన్న అయిదు వందల పేర్ల కాగితాన్ని అధికారి పక్కన పెట్టేస్తాడు. అదే కాగితంలో వార్డు, ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరు అనే రెండు గడులు ఉంటే అది పాఠకుల అర్జీ కాదు, పన్ను చెల్లింపుదారుల అర్జీ. వార్డులవారీగా విడగొట్టి, ఏ వార్డు కాగితాలు ఆ వార్డు కౌన్సిలర్ చేతిలో పెట్టవచ్చు. తన వార్డులో నూట యాభై ఇళ్లు సంతకం చేశాయన్న సంగతి ఏ కౌన్సిలర్‌కైనా చురుక్కుమంటుంది. ఆధార్ నంబర్లు మాత్రం తీసుకోకూడదు, అవసరం లేదు, ప్రమాదం.

‘అసలు ఎవరు వస్తున్నారు గ్రంథాలయానికి?’ అనే ఎదురు ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఇక్కడ పాఠకులదే తప్పు. సందర్శకుల రిజిస్టరు బల్ల మీద ఉంటుంది, పేపరు చదివి వెళ్లే పెద్దాయన సంతకం చేయడు, పొద్దుటినుంచి సాయంత్రం దాకా కూర్చునే కుర్రాడు రోజూ ఏం రాస్తాంలే అనుకుంటాడు. వంద మంది వచ్చిన రోజు రిజిస్టర్లో ముప్పై పేర్లుంటాయి. ఆ ముప్పై అంకే నివేదికలో పైకి పోతుంది, విలీనం చేయాలా మూసేయాలా అన్న చర్చలో అదే సాక్ష్యం అవుతుంది. కమిటీ చేయగల అతి చవకైన పని, తలుపు దగ్గర ఒక మనిషిని నిలబెట్టి ప్రతి ఒక్కరిచేతా సంతకం పెట్టించడం. చాలా శాఖా గ్రంథాలయాలు పొద్దున, సాయంత్రం రెండు పూటలు తెరుస్తారు, శుక్రవారం సెలవు. సెలవు పోను ఒక వారం రెండు పూటలా లెక్కించి, అందులో చదువుకునే అభ్యర్థులు, పత్రికా పాఠకులు, పిల్లలు, మహిళలు ఎందరో విడిగా రాస్తే సరిపోతుంది. పరీక్షల ముందు వారం లెక్కించి సగటు అని చెప్పకూడదు. అంకె పెంచి చెప్పారని ఒకసారి తేలితే తర్వాత నిజమైన అంకెనూ ఎవరూ నమ్మరు.

ఏ నెలలో అడిగితే దొరుకుతుంది

మార్చి ఆఖరుకు మున్సిపాలిటీలు మైకులు పెట్టి పన్ను వసూలు చేస్తాయి. ఏప్రిల్‌లో ఏడాది పన్ను ఒకేసారి ముందే కట్టేవారికి సాధారణంగా 5 శాతం రాయితీ ఇస్తాయి. ఖాతాలో డబ్బు నిండుగా ఉండేది ఆ రెండు నెలలే. జమ చేయమని అడగవలసిందీ అప్పుడే. జులైలో అడిగితే ఖాతా ఖాళీ, కమిషనర్ నిజంగానే చేతులెత్తేస్తాడు. రెండో అదను బడ్జెట్ అంచనాలు తయారయ్యే చలికాలం. వచ్చే ఏడాది బడ్జెట్‌లో గ్రంథాలయ సెస్సు జమకు విడిగా పద్దు ఉందా, అందులో పాత బకాయి వాయిదా ఉందా అన్నది అప్పుడే తేలాలి, ఆమోదం అయ్యాక గొడవపడి లాభం లేదు.

నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలను ముగ్గుల పోటీలకు, వ్యాసరచనకు మాత్రమే వదిలేయడం పెద్ద నష్టం. ఎమ్మెల్యే, మున్సిపల్ చైర్మన్, గ్రంథాలయ సంస్థ చైర్మన్ ఒకే వేదిక మీద కూర్చునే అవకాశం ఏడాదిలో మళ్లీ రాదు. బహుమతుల ప్రదానానికి ముందు రెండు నిమిషాలు అడిగి, మూడేళ్ల అంకెల పట్టిక ఒకే పేజీలో పెద్ద ఫ్లెక్సీగా గోడకు కట్టి, దాని ముందే అర్జీ ఇస్తే ‘చూద్దాం’ అన్న మాటకు విలువ పెరుగుతుంది, ఎందుకంటే అన్నది నలుగురి ముందు.

అడిగేది ఎప్పుడూ చిన్నగా, కొలవదగినట్టు ఉండాలి. ‘బకాయిలన్నీ వెంటనే చెల్లించాలి’ అంటే అది జరగదని అందరికీ తెలుసు. ఈ ఏడాది వసూలైన సెస్సును నెలనెలా వచ్చే నెల 10లోపు జమ చేయాలి, పాత బకాయిని ఎనిమిది త్రైమాసిక వాయిదాల్లో తీర్చాలి అని కౌన్సిల్ తీర్మానం కోరితే కమిషనర్‌కూ తల ఊపడానికి వీలుంటుంది. అన్నిటికన్నా మంచిది, ఆన్‌లైన్‌లో పన్ను కట్టిన క్షణంలోనే ఎనిమిది పైసల భాగం విడిపోయి గ్రంథాలయ సంస్థ ఖాతాలో పడే ఏర్పాటు. ఒక చెల్లింపును రెండు ఖాతాలకు పంచడం ఇవాళ సాంకేతికంగా పెద్ద పనేం కాదు. ఇది రాష్ట్ర స్థాయి నిర్ణయం కనుక ఒక ఊరి కమిటీకి లొంగదు. జిల్లాలోని అయిదారు కమిటీలు కలిసి పౌర గ్రంథాలయ శాఖకు, పురపాలక శాఖకు ఒకే పాఠంతో రాయాలి.

ఎన్నికైన పాలకవర్గం లేకుండా ప్రత్యేకాధికారి ఉంటే తీర్మానం దారి మూసుకుపోయినట్టు కాదు, ఆ అధికారి సంతకమే తీర్మానం. సోమవారం కలెక్టరేట్‌లో తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉన్నాయి. అక్కడ ఇచ్చే అర్జీకి నంబరు పడుతుంది, ఆ నంబరు మీదే మళ్లీ మళ్లీ అడగాలి. కొత్త అర్జీ పెట్టిన ప్రతిసారీ కథ మొదటికొస్తుంది. పంచాయతీల విషయమైతే జిల్లా పంచాయతీ అధికారికి నకలు తప్పనిసరి.

చాలామంది ఎరగని ఆయుధం ఆడిట్ నివేదిక. రాష్ట్ర ఆడిట్ శాఖ స్థానిక సంస్థల లెక్కలు ఏటా చూస్తుంది, సెస్సు జమ చేయని చోట అభ్యంతరం రాస్తుంది. ఆ పేరా నకలు సంపాదిస్తే ఇక ‘బకాయి ఉందా లేదా’ అన్న చర్చే ఉండదు. ప్రభుత్వమే రాసిన మాట అది. దాని మీద ఏం చర్య తీసుకున్నారో తెలిపే జవాబు నకలు కూడా అడగాలి, అది లేకపోవడమే ఒక వార్త.

చందాలు, పుస్తక దానాల గురించి ఒక మాట. వద్దనక్కర్లేదు, హద్దు ఉండాలి. ఇళ్లల్లో అటక ఖాళీ చేసి తెచ్చే పాత గైడ్లు, సగం చినిగిన వారపత్రికల కట్టలు గ్రంథాలయానికి భారమే. ఒకసారి ప్రవేశ రిజిస్టర్లో ఎక్కిన పుస్తకాన్ని తీసేయాలంటే పెద్ద తతంగం. అందుకే కొత్త పుస్తకాలే, అదీ గ్రంథపాలకుడు ఇచ్చిన జాబితా నుంచే తీసుకోవాలి. ఎంపీ నిధుల కింద ఏడాదికి 5 కోట్లు ఉంటాయి కాబట్టి భవనం అడగవచ్చు, కానీ ఆ నిధులతో జీతాలు, పత్రికల బిల్లులు నడవవు. కొత్త భవనం కట్టించుకుని లోపల పెట్టడానికి పుస్తకాల్లేని ఊళ్లు ఉన్నాయి. కోల్‌కతాలోని రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ ఇచ్చే మ్యాచింగ్ సాయానికీ రాష్ట్ర వాటా ముందు కదలాలి.

భవనం స్థలం ఎవరి పేరున ఉందో కూడా ఈ వరుసలోనే చూసుకోవాలి. బస్టాండు పక్కనో బజారు నడిమధ్యనో ఉన్న పాత గ్రంథాలయం స్థలం మీద వాణిజ్య సముదాయం కన్ను పడటం కొత్త కాదు. దాత ఎప్పుడో నోటిమాటగా ఇచ్చి, రికార్డు మారకుండా మిగిలిపోయిన స్థలమైతే ఆ లోటును నిధుల గొడవ ముదరకముందే సరిచేయించుకోవాలి.

హైకోర్టులో రిట్ చివరి మెట్టు. చట్టం చేయమన్న పనిని చేయించమని కోరడం కాబట్టి కేసు బలమైనదే, అయితే ముందు అర్జీ ఇచ్చినట్టు, దానికి స్పందన రానట్టు రుజువు ఉండాలి. అందుకే తొలినాటి నుంచీ ప్రతి కాగితానికీ తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకోవాలి, ఇవ్వకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచాలి. సమాచార హక్కు జవాబులు, ఆడిట్ పేరా, సంస్థ రాసిన లేఖల నకళ్లు, కౌన్సిల్ తీర్మానం, ప్రజావాణి నంబరు ఒకే ఫైల్లో తేదీల వరుసలో ఉంటే న్యాయవాదికి పని సులువు. నిజానికి ఆ ఫైలు తయారైందని తెలిశాకే చాలాచోట్ల మొదటి వాయిదా జమవుతుంది.

జిల్లాల విభజన ఒక కొత్త చిక్కు తెచ్చింది. తెలంగాణలో పది జిల్లాలు 33 అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. మీ ఊరి పాత బకాయి పాత జిల్లా సంస్థ పద్దులో ఉందా, కొత్త సంస్థ పద్దులోకి మారిందా అన్నది చూడకుండా అర్జీ పెడితే ఒకరు రెండోవారి వైపు చూపిస్తారు. ఆస్తులు, అప్పుల పంపకం జాబితా నకలును సంస్థకు పెట్టే మొదటి దరఖాస్తులోనే అడగాలి. జమ అయ్యాక మున్సిపాలిటీ ఇచ్చిన లావాదేవీ నంబరు, సంస్థ నగదు పుస్తకంలో అదే తేదీన పడిన మొత్తం సరిపోలాయో లేదో చూసి, రెండో వాయిదాకు గుర్తుచేసే లేఖ ఆ రోజే రాసి పెట్టుకోవాలి.